ఇంటికో కార్డు

కర్దనూర్‌లో బ్యూలా డాక్టరమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు పేరు చెప్పరు. ఇల్లు చెప్తారు.

"ఏ ఇల్లు?" అంటుంది గుమ్మంలోనే ముత్యమ్మ. ఆ క్లినిక్‌లో సూది వేసేదీ, వరస పిలిచేదీ, వరస తప్పినవాళ్లను కసిరేదీ ఆమే.

"నీళ్ల ట్యాంకు గల్లీ. పిండిగిర్ని పక్కిల్లు."

ముత్యమ్మ చెయ్యి చాపి ఒక రేకు డబ్బా మూత తీస్తుంది. గల్లీకో డబ్బా, ఇంటికో కార్డు. మనిషికి కాదు, ఇంటికి. అత్త షుగరు, కోడలికి రక్తం తక్కువ, మనవరాలి టీకాలు, పెద్దకొడుకు దగ్గు, అన్నీ ఒకే అట్ట మీద ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అట్ట నిండితే వెనకాల ఇంకోటి కుడతారు. ఇరవై మూడేళ్లుగా కుడుతూనే ఉన్నారు కాబట్టి కొన్ని ఇళ్ల కార్డులు చిన్న పుస్తకాలంత లావయ్యాయి.

"మా ఇంట్ల ఎవలికి ఏం రోగమో మాకన్న నీకే ఎక్కువ ఎరుక" అంటారు ముసలివాళ్లు ముత్యమ్మతో.

"నాకేం ఎరుక, డబ్బాకెరుక" అంటుంది ఆమె.

ఈ అలవాటు బ్యూలాకు ఏ వైద్య కళాశాలలోనూ అబ్బలేదు. అక్కడ ఒకరు గుండె చెప్పారు, ఒకరు మూత్రపిండాలు చెప్పారు. ఇంటి సంగతి ఎవరూ చెప్పలేదు. అది నేర్పింది తండ్రి. ఏలీయా మాస్టారు సంగారెడ్డి పక్క ఊళ్లో బడిపంతులు. ఆదివారాలు చర్చిలో కుటుంబాల రిజిస్టరు రాసేవాడు. కుటుంబానికో పేజీ, అందులో బాప్తిస్మం, పెళ్లి, సమాధి. పదేళ్ల బ్యూలా పాత పేజీ చదివి వినిపిస్తే ఆయన కొత్త పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఒక పేజీ చదివితే ఆ ఇల్లు మొత్తం కళ్లముందు నిలబడేదట ఆమెకు. డాక్టరయ్యాక అదే పద్ధతి పెట్టుకుంది. తండ్రిలాగే తెలుగులో, తండ్రిలాగే గుండ్రంగా రాసేది. డాక్టర్ల రాత మందుల దుకాణంవాడికి తప్ప అర్థం కాదంటారు. ఈమె రాత మూడో తరగతి పిల్లవాడు చదువుతాడు. ఆ సంగతి తర్వాత ఎక్కడికి దారి తీస్తుందో అప్పుడెవరికీ తెలియదు.

ఆమెను దేవత అనేవాళ్లున్నారు. దేవత కాదు, కోపిష్టి. మందులు సగంలో ఆపేసినవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి అందరి ముందూ దులిపేసేది. భర్త బిల్లీ పటాన్‌చెరులో లెక్కల టీచరు. "మన ఇంటికి గూడ కార్డున్నదా?" అని ఒకసారి నవ్వుతూ అడిగితే, "ఉన్నది. రెండేండ్ల సంది బీపీ చూపించుకోలే అని రాసి ఉన్నది" అంది, నవ్వకుండా.

ఆమెను ఇరవై మూడేళ్లు గుచ్చిన మాట ఒక్కటే. "ఉత్త ఎంబీబీఎస్సేనా?" చర్చిలో చుట్టాలు అడిగారు. కొడుక్కి సంబంధం చూస్తున్న పక్కింటావిడ అడిగింది. నగరం నుంచి రంగురంగుల వ్యానుల్లో వచ్చి ఊళ్లో ఉచిత శిబిరాలు పెట్టే ఆసుపత్రుల కుర్రాళ్లయితే అడగను కూడా అడగలేదు. ఆమె రాసిన చీటీని మడిచి రోగి చేతిలోనే పెట్టి, "ఇవన్నీ మళ్లీ చేయించాలి" అనేవాళ్లు.

అందుకే ఆరేళ్ల కిందట పటేల్‌గూడ నుంచి డాక్టర్ నరసరాజు ఫోన్ చేసి, "మనలాంటి వాళ్లం కలిసి ఒక సంఘం పెట్టుకుందామండీ" అంటే ఆమె రెండో మాట లేకుండా సరేనంది. నరసరాజు తండ్రి భీమవరం వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వరంగ ప్లాంటులో ఫిట్టరుగా వచ్చి స్థిరపడినవాడు. కొడుకు అక్కడే పెరిగి, అక్కడే క్లినిక్ పెట్టాడు. మాట మెత్తన, మనిషి చురుకు. కుటుంబ వైద్యుల సంఘం అని బోర్డు రాయించాడు. నెలనెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, చర్చికి వెళ్లేవాళ్లకీ వీలయ్యేట్టు, పటాన్‌చెరులో ఒక మందుల దుకాణం మీది హాల్లో సమావేశం. పద్నాలుగు మంది డాక్టర్లు, ఉస్మానియా బిస్కెట్లు, చాయ్. మొదటిసారి ఆ గదిలో ఎవరూ ఆమెను ఉత్త ఎంబీబీఎస్సా అని అడగలేదు. అక్కడందరూ అంతే.

ఆమెకు ఆయన మీద నమ్మకం కుదరడానికి ఇంకో కారణముంది. కరోనా రెండో విడతలో ఆమె పద్దెనిమిది రోజులు మంచం పట్టింది. అప్పుడు పటేల్‌గూడ నుంచి మధ్యాహ్నాలు స్కూటర్ మీద వచ్చి కర్దనూర్ క్లినిక్ నడిపింది నరసరాజే. తన క్లినిక్ మూసుకుని వచ్చాడు. ఆ రోజుల కార్డుల మీద ఆయన ఇంగ్లీషు గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక దగ్గు సంగతి.

వాల్వులూ పైపు ముక్కలూ పోతపోసే కంపెనీ ఒకటి ఆ దగ్గర్లోనే ఉంది. ఇసుక అచ్చుల్లోంచి తీసిన పోతను గ్రైండింగ్ చక్రం మీద పెట్టి నున్నగా రాయాలి. ఆ పని కాంట్రాక్టు మనుషులది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సగం, బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు సగం. ముఖానికి రుమాలు కట్టుకుంటారు. రుమాలు తీశాక మీసం ఒక్కటే నల్లగా ఉంటుంది, తక్కిన ముఖమంతా బూడిద. బ్యూలా కార్డుల్లో గ్రైండింగ్ మనుషులున్న ఇళ్లకు ఎండాకాలంలోనూ తగ్గని దగ్గు కనపడసాగింది. పిండిగిర్ని పక్కింటి శివమ్మ పెద్దకొడుకు వెంకటేశం అలాంటివాడే. మూడేళ్ల కిందట వచ్చాడు, అప్పటికి ఆ పనిలో ఆరేళ్లు. ఎక్స్‌రే తీయించింది. కళ్లె పరీక్షలో టీబీ లేదని వచ్చింది. "టీబీ గాదు. సిగరెట్లు బంద్ చెయ్యి, ముఖానికి గుడ్డ మంచిగ కట్టుకో" అని పంపించింది. అతను సంబరంగా వెళ్లిపోయాడు.

తర్వాతి సమావేశంలో ఆమె ఈ దగ్గుల సంగతి ఎత్తింది. అప్పటికి ఆమె దగ్గర ఉన్నవి తొమ్మిది ఇళ్లు.

"వెంటనే లేబర్ ఆఫీసుకు ఉత్తరం రాద్దామా?" అని అడిగింది.

నరసరాజు తల అడ్డంగా ఊపాడు. "తొమ్మిది ఇళ్లంటే మీ అనుభవం అంటారండీ. కూర్చోమని కూడా అనరు. ముప్పై అయితే నివేదిక అంటారు. ఇరవై ఏళ్ల రికార్డు, ఇంటింటి రికార్డు, ఈ జిల్లాలో ఏ పెద్దాసుపత్రి దగ్గరుందండీ? మీ దగ్గరుంది. కాస్త ఓపిక పట్టండి బ్యూలా గారూ, ముప్పై దాటనివ్వండి. అప్పుడు వెళ్దాం, సంఘంగా వెళ్దాం."

మాట ఆమెకు తలకెక్కింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి తన రేకు డబ్బాలను ఎవరో రికార్డు అన్నారు. ఒక ఎర్ర పెన్సిల్ కొంది. దగ్గు ఉన్న ఒక్కో ఇంటి కార్డు మూలన ఒక్కో అంకె వేస్తూ వచ్చింది. ముప్పై దాటడానికి రెండేళ్ల పైన పట్టింది. ముప్పై ఒక్క ఇళ్లయ్యాక మూడు నెలలపాటు ఆదివారాలు కూర్చుని, తండ్రి లాగే పాత కాగితం నుంచి కొత్త కాగితంలోకి ఎక్కించింది. సంఘం నియమం ప్రకారం పేర్లన్నీ తీసేసింది. ఒక్క పేరు కూడా జారకుండా రెండుసార్లు సరిచూసింది.

ఏడో వరసలో ఇలా ఉంది: "నీళ్ల ట్యాంకు గల్లీ, పిండిగిర్ని పక్కిల్లు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. పెద్దకొడుకు గ్రైండింగ్ పని. మూడేళ్లుగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం."

పేరు లేదు. ఆమె లెక్కలో గుట్టు దాగినట్టే. మనుషుల్ని ఇళ్లతోనే గుర్తుపెట్టుకునే డాక్టరుకు, ఇల్లు చెప్పడమంటే పేరు చెప్పడమేనని తట్టలేదు. నగరంలో నంబర్లతో రోగుల్ని చూసే ఏ డాక్టరూ ఈ తప్పు చేయడు, చేయలేడు. ఇది ఊరి డాక్టరు మాత్రమే చేయగల తప్పు.

ఆ జాబితాతో పాటు ఇచ్చే వినతిపత్రంలో మూడు కోరికలు. కాంట్రాక్టు కార్మికులకు ఏటా పరీక్షలు స్థానిక కుటుంబ వైద్యులే చేయాలి. జిల్లా ఆరోగ్య కమిటీలో కుటుంబ వైద్యులకు ఒక స్థానం ఉండాలి. పరీక్ష ఫలితం ముందుగా కార్మికుడి చేతికి ఇవ్వాలి, తర్వాతే కంపెనీకి. మూడోది బ్యూలా పట్టుబట్టి రాయించింది. సంఘం కాగితం మీద అధ్యక్షుడిగా నరసరాజు సంతకం చేశాడు. సంగారెడ్డి వెళ్లి లేబర్ ఆఫీసులో ఇచ్చి వచ్చారు, ఫోటో దిగారు. ఫిబ్రవరి మాట ఇది.

ఏప్రిల్‌లో ఒక సోమవారం ఉదయం శివమ్మ వచ్చింది. బెంచీ మీద కూర్చోలేదు.

"ఏ ఇల్లు?" అంది ముత్యమ్మ అలవాటు కొద్దీ. అని, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి నవ్వింది.

శివమ్మ నవ్వలేదు. పరదా తోసుకుని లోపలికి వెళ్లి బల్ల ముందు నిలబడింది. లోపల ఒక పిల్లకు చెవి చూస్తున్న బ్యూలా తలెత్తింది.

"ఏందక్కా, బాగలేదా?"

"మా ఇంటి ముచ్చట ఎవలికి చెప్పినవ్ డాక్టరమ్మా?"

"ఏం ముచ్చట?"

"నువ్వు రాసిన ముచ్చట. శనివారం గేటు కాడ నాగయ్య కాయితం పట్టుకొని నిలవడ్డడట."

నాగయ్య ఆ కంపెనీకి కూలీలను తెచ్చే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. కర్దనూర్‌వాడే. ఊళ్లో ఏ ఇంటి పొయ్యి ఎటు తిరిగి ఉందో తెలిసినవాడు.

"సదివిండట," అంది శివమ్మ. "నీళ్ల ట్యాంకు గల్లీ, పిండిగిర్ని పక్కిల్లు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడండ్లు. సదివి, మా వెంకటేశం దిక్కు సూసి, నువ్వే గదరా అన్నడట. ఊపిరి మంచిగ లేనోనికి మిషిన్ కాడ ఏమన్న అయితె కంపెనీ మీదికొస్తది, ఇగ సోమవారం సంది రాకు అన్నడట. అందరు నవ్విండ్రట. అవుతల నవ్వినోళ్లను గూడ ఒక్కొక్కల్ని సదివిండట."

"ఎంతమందిని?"

"పంతొమ్మిది మంది. తక్కినోళ్లు వేరే ఊరోళ్లు, గా ఇండ్లు ఆనికి ఎరుకలేవు. గందుకు బతికిండ్రు."

బ్యూలా చేతిలో చెవి చూసే దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పిల్ల తల్లి మెల్లిగా పిల్లను ఎత్తుకుని బయటికి జరిగింది.

"పేర్లు రాయలే అక్కా. ఒక్క పేరు గూడ రాయలే."

"పేరెందుకు?" అంది శివమ్మ. "నువ్వు ఏనాడన్న మమ్ముల పేరు అడిగినవా?"

అని వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నానికి బెంచీ ఖాళీ అయింది. మరునాడు నలుగురొచ్చారు. ముత్యమ్మ "ఏ ఇల్లు?" అంటే ఒకామె, "ఇల్లు ఎందుకమ్మా, కడుపునొప్పి" అంది.

బ్యూలా నరసరాజుకు మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి, "ఆదివారం అన్నీ వివరంగా మాట్లాడుకుందామండీ, మంచి కబురే ఉంది" అన్నాడు. మూడోసారి మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం హాలు ఎప్పటికంటే నిండుగా ఉంది. చాయ్‌తో పాటు మిర్చి బజ్జీ కూడా తెప్పించారు. బ్యూలా కూర్చోగానే నరసరాజు లేచి, సంఘం ఆరేళ్ల శ్రమ ఫలించిందని మొదలుపెట్టాడు. పదకొండు కంపెనీల యాజమాన్యాలు ఒప్పందం మీద సంతకం చేశాయి. ఇకనుంచి కాంట్రాక్టు కార్మికుల వార్షిక పరీక్షలు మన సభ్యులవే. జిల్లా ఆరోగ్య కమిటీలో కూడా మనకు ఒక స్థానం ఇచ్చారు. దీనికి పునాది వేసింది ఎవరో అందరికీ తెలుసు. యువ డాక్టరు శ్రావ్య ఒక శాలువా తెచ్చింది. చప్పట్లు కొట్టారు. సేవ అన్నారు, త్యాగం అన్నారు, ఊరి తల్లి అని కూడా ఎవరో అన్నారు. శాలువా భుజాల మీద పడేదాకా బ్యూలా కదల్లేదు. పడ్డాక చెయ్యి చాపింది.

"ఒప్పందం కాయితం చూపియ్యుండ్రి."

చదివింది. నిదానంగా రెండు పేజీలూ చదివింది. హాల్లో బజ్జీ నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మూడోది ఏది రాజుగారూ?"

"ఏ మూడోదండీ?"

"రిపోర్టు ముందుగాల కార్మికుని చేతికి ఇయ్యాలన్నది. ఇక్కడ కంపెనీకి ఇయ్యాలని ఉన్నది."

"అదొక్కటీ వాళ్లు ఒప్పుకోలేదండీ. కార్మికుడికి ఫిట్టో అన్‌ఫిట్టో మనం నోటితో చెప్తాం కదా. మొదటి రెండూ వచ్చాయి. మూడడిగితే రెండు రావడం మాటలా?"

"నన్నొక మాట అడగలే."

"అడిగితే మీరు ఒప్పుకోరండీ," అన్నాడు నరసరాజు. ఆ మాట మాత్రం ఆయన నిజాయితీగానే అన్నాడు.

"నా ముప్పై ఒక్క ఇండ్లు వాళ్ల చేతికి ఎట్ల పోయినయ్?"

"ఆధారం లేకుండా ఎవరు సంతకం పెడతారండీ? ఈ మనుషులకు ముందుగా పరీక్షలు చేయాలి అని రాసే ఇచ్చాను. మంచికే ఇచ్చాను. పేర్లు లేవు కదా?"

"నాగయ్య ఇండ్లు చదివి మనుషుల్ని పట్టిండు. పంతొమ్మిది మందిని పనికి రావొద్దన్నడు."

ఆ సంగతి అందరికీ తెలిసే ఉంది. ఎవరూ ఉలిక్కిపడలేదు. దాంతో బ్యూలాకు ఇంకో విషయం అర్థమైంది. ఈ గదిలో శాలువా ఎప్పుడు కప్పాలో ముందే అనుకున్నారు, ఈ ప్రశ్న వస్తే ఏం చెప్పాలో కూడా అనుకున్నారు.

"చాలా బాధాకరమండీ," అన్నాడు నరసరాజు. "కానీ ఇంటి గుర్తులు చూసి మనుషుల్ని పట్టుకుంటారని నేనెలా ఊహిస్తాను? మీరు మాత్రం ఊహించారా?"

ఊహించలేదు. ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. ఆమె మెల్లిగా అంది.

"నేను ఊహించలే. నాది తెలివితక్కువతనం. మీరు పద్దెనిమిది రోజులు నా కుర్చీల కూసున్నరు. వచ్చినోళ్లను ఏ ఇల్లు అని మీ నోటితోనే అడిగిండ్రు. ఇల్లు చెప్తే మనిషి దొరుకుతడని ఈ హాల్ల నాకు, మీకు, ఇద్దరికే ఎరుక."

నరసరాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే. అయిపోయింది," అంది బ్యూలా. "ఇప్పుడు సంఘం ఒక ఉత్తరం రాస్తదా? ఆ పంతొమ్మిది మందిని పనిలకు తీసుకోవాలె, పొడి లేని చోట పెట్టాలె, లేకుంటే మేం పరీక్షలు చెయ్యం అని."

ఆమె ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చి శ్రావ్య దగ్గర ఆగింది. శ్రావ్యకు తొలి క్లినిక్ వెతికిపెట్టింది బ్యూలానే.

"నాకు సుల్తాన్‌పూర్ పార్కుల కంపెనీల పరీక్షలు ఇచ్చిండ్రు మేడం," అంది శ్రావ్య. "మొన్ననే మొదలువెట్టిన. ఇప్పుడు చెయ్యనంటే నగరం ఆసుపత్రోళ్లు వచ్చి కూసుంటరు. గప్పుడు మనం అందరం లోపటికి పోయేది గూడ ఉండదు గదా."

మాట తప్పని చెప్పలేం. అందుకే మిగతా పన్నెండు మందీ దాని వెనక సుఖంగా కూర్చున్నారు. సమావేశం పుస్తకంలో "సభ్యురాలి ఆవేదనను సంఘం సానుభూతితో నమోదు చేసుకున్నది" అని రాశారు. అంత చక్కటి వాక్యం ఆరేళ్లలో ఆ పుస్తకంలో ఇంకోటి లేదు.

మెట్లు దిగి స్కూటీ దగ్గరికి వచ్చేదాకా శాలువా భుజాల మీదే ఉందని బ్యూలా గమనించలేదు.

మరునాడు ఉదయం క్లినిక్ తలుపు తీయలేదు. ఎర్ర అంకె ఉన్న కార్డులు ముప్పై ఒకటీ వేరుచేసింది. కట్టడానికి ఏమీ దొరక్క ముత్యమ్మ ఆ శాలువాలోనే మూట కట్టింది.

"ఇవి ఏం చేస్తవ్ మేడం?"

"ఎవరి కార్డు వాళ్ల ఇంట్ల ఇచ్చేద్దాం. ఎవరి ముచ్చట వాళ్ల దగ్గరనే ఉంటది. నా దగ్గరికి వచ్చినప్పుడు తెచ్చుకుంటరు."

"వస్తే గదా," అంది ముత్యమ్మ, మూట చంకన పెట్టుకుంటూ.

మొదట పిండిగిర్ని పక్కింటికే వెళ్లారు. నిజానికి అంకె ప్రకారం అది మొదటిది కాదు. కానీ ఆ ఇంట్లోంచి మొదలుపెట్టకపోతే మిగతా ఇళ్లకు వెళ్లే ధైర్యం రాదనిపించింది బ్యూలాకు. వెంకటేశం అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. రేకుల నీడ అతని మోకాళ్ల దాకా వచ్చింది. శివమ్మ బియ్యం చాట పక్కన పెట్టి పీట వేసింది. కోపమున్నా పీట వేయడం మానలేదు.

బ్యూలా కార్డు చాపింది. "ఇది మీది అక్కా. ఇగ మీ దగ్గరనే ఉంచుకోండ్రి."

శివమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు సదువొస్తదా? నాగయ్య సదివిండు గదా, నువ్వు గూడ సదువు. మా ముచ్చట మేం గూడ ఇంటం."

బ్యూలా చదవడం మొదలుపెట్టింది. ఇరవై మూడేళ్ల కిందట శివమ్మ మామకు పక్షవాతం. చిన్నకొడుక్కి కామెర్లు. పెద్దకోడలి మొదటి కాన్పు, ఆడపిల్ల, రెండున్నర కిలోలు. అక్కడ శివమ్మ ముఖం కొద్దిగా విచ్చుకుంది. లోపలి నుంచి ఆ కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. శివమ్మ భర్త పోయిన రోజు. శివమ్మ షుగరు మొదలు. బ్యూలా గొంతు తండ్రి రిజిస్టరు చదివినప్పటిలాగా సాగిపోతూ ఉంది. పాత పేజీ నుంచి కొత్త పేజీలోకి, ఒక వరస నుంచి ఇంకో వరసకి. అలా మూడేళ్ల కిందటి వరస దగ్గరికి వచ్చి, చదవక తప్పని చోట ఆగింది.

"సదువు," అంది శివమ్మ.

"పెద్దకొడుకు వెంకటేశం. దగ్గు. టీబీ లేదు. ఎక్స్‌రేల రెండు దిక్కుల సన్న చుక్కలు. ఇసుక పొడి పట్టినట్లు అనుమానం. నగరంల ఛాతీ దవాఖానకు పంపాలె."

అరుగు మీద వెంకటేశం కదిలాడు. "నాకు సిగరెట్లు బంద్ చెయ్యమన్నవ్."

"అనుమానమే ఉండె వెంకటేశం. భయపెట్టొద్దనుకున్న."

"బంద్ చేసిన," అన్నాడు అతను. "మూడేండ్లాయె. ఒక్కటి గూడ తాగలే."

శివమ్మ కార్డును బ్యూలా చేతిలోంచి తీసుకుంది. చదువు రాదు కానీ బస్సు నంబర్లు, రేషన్ కార్డు అంకెలు తెలిసిన కళ్లు. మూలన వేలు పెట్టింది.

"గిక్కడ ఎర్రగ ఏడు అని ఉన్నది. ఏంది గిది?"

బ్యూలాకు అబద్ధం చెప్పడం రాక కాదు. ఆ నిమిషంలో చెప్పాలనిపించలేదు.

"లెక్క అక్కా. ఇట్లాంటి దగ్గున్న ఇండ్ల లెక్క. తక్కువ ఇండ్లయితే సర్కారోళ్లు వినరు, ముప్పై దాటాలె అన్నరు. మీది ఏడో ఇల్లు."

శివమ్మ కాసేపు లెక్క వేసుకుంది. పెదవులు కదిలాయి, వేళ్లు మడిచింది.

"అంటే మా ఎనక ఇంక ఇరవై నాలుగు ఇండ్లు దగ్గేదాంక ఆగినవ్."

నరసరాజు మీద బ్యూలా వారం రోజులుగా పోగుచేసుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఓపిక పట్టమన్నది ఆయన. ముప్పై అన్నది ఆయన. కాగితం ఇచ్చింది ఆయన. కానీ ఎర్ర పెన్సిల్ కొన్నది ఆయన కాదు.

"నాగయ్య గూడ నన్ను ఏడో నంబరుకే పిలిచిండు," అన్నాడు వెంకటేశం. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

పెద్దకోడలు గుమ్మంలోంచి నీళ్ల చెంబు అందించింది.

"రేపు ఛాతీ దవాఖానకు నేనే తోల్కపోత," అంది బ్యూలా. "నా స్నేహితురాలు ఉన్నది అక్కడ. నేనే కూసోని చూపిస్త."

"అద్దు. వాని పెండ్లాం తోల్కపోతది," అంది శివమ్మ. "నువ్వు చిట్టీ రాసియ్యి. పేరు రాయి. ఇల్లు రాయకు."

బ్యూలా సంచిలోంచి కాగితాలు తీసింది. వెంకటేశం అని రాసి ఆగింది. ఇరవై మూడేళ్లుగా ఈ ఇంటి గుండె చప్పుడు విన్నది, ఇద్దరు మనవరాళ్లకు మొదటి టీకా వేసింది. ఇంటిపేరు తెలియదు.

"ఇంటిపేరు ఏంది?" అని అడిగింది, తల వంచుకునే.

"మన్నె," అన్నాడు వెంకటేశం.

రాసింది. సంతకం పెట్టింది. శివమ్మ చీటీని కోడలి చేతికిచ్చి, కార్డును రేషన్ కార్డూ గ్యాసు పుస్తకమూ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడి వేసింది. చాట మళ్లీ దగ్గరికి లాక్కుంది. బ్యూలా ఇంకా పీట మీదే ఉండటం చూసి, బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది.

"పో డాక్టరమ్మా. నాగయ్య సదివిన ఎనిమిదో ఇల్లు గీ మా ఎనకనే. ఆళ్లకు గూడ సదివి ఇనిపియ్యి."